బ్యాట్ వేగం తప్పొస్తోందా? మోడల్ జోలికి ముందే వెళ్లకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. టీ (బంతిని నిలబెట్టే కర్ర) మీద పెట్టిన బేస్‌బాల్‌ని కొడుతున్న బ్యాటర్‌ని ఛాతీ వైపు నుంచి ఒకే ఫోన్‌తో 240 ఎఫ్‌పీఎస్‌లో, అంటే సెకనుకు 240 ఫ్రేములతో తీశారు. మీడియాపైప్ అనే పోజ్ మోడల్‌తో (వీడియోలో మనిషి శరీరాన్ని గుర్తించే ప్రోగ్రామ్) శరీరం మీది బిందువులు, మీరు ట్రెయిన్ చేసిన డిటెక్టర్‌తో బ్యాట్ కొస పట్టుకున్నారు. బ్యాట్ నాబ్‌కి (పిడి చివరి గుబ్బకి) తగిలించిన సెన్సర్ గంటకు 68 మైళ్లు చూపిస్తుంటే మీ కోడ్ 51 అంటోంది. తుంటి తిరిగే వేగం గ్రాఫ్ రంపపు పళ్లలా వస్తోంది. ఇంకా పెద్ద పోజ్ మోడల్‌కి మారాలా, సొంతంగా ఒకటి ట్రెయిన్ చేసుకోవాలా అని అడిగారు.

ప్రస్తుతానికి రెండూ వద్దు. కొత్తలో నేనూ అదే దారిలో వెళ్లాను. మూడు మోడళ్లు మార్చాను, మూడూ మూడు రకాల తప్పులు చెప్పాయి. తప్పు చాలావరకు వీడియోలోనే ఉంది, దాన్ని ఏ మోడలూ దిద్దలేదు.

ముందు మనం కొలుస్తున్నది ఎంత చిన్న సమయమో చూద్దాం. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ మైదానంలో పిచర్ (బంతి విసిరేవాడు) నిలబడే రబ్బర్ పలక నుంచి బ్యాటర్ పక్కనుండే హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 95 మైళ్ల బంతి ఆ దూరాన్ని సుమారు 0.4 సెకనులో దాటేస్తుంది. బ్యాట్ కదలడం మొదలయ్యాక బంతిని తాకేదాకా పట్టేది అందులో దాదాపు 150 మిల్లీసెకన్లు. మీ కెమెరాలో అది 36 ఫ్రేములు. బ్యాట్ నిజంగా వేగం అందుకునేది వాటిలో చివరి ఏడెనిమిది ఫ్రేముల్లోనే. బంతీ బ్యాటూ ఒకదాన్నొకటి తాకి ఉండేది మిల్లీసెకను లోపే, మీ ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 4.2 మిల్లీసెకన్లు. అంటే తాకిన క్షణం ఎక్కువసార్లు మీ వీడియోలో ఉండనే ఉండదు. దాని ముందు ఫ్రేమూ తర్వాతి ఫ్రేమూ ఉంటాయి, అంతే.

ఇప్పుడు షట్టర్ సంగతి. చాలామంది ఎఫ్‌పీఎస్ చూసి ఆగిపోతారు, నన్నడిగితే అంతకన్నా ముఖ్యమైనది షట్టర్ వేగం. గంటకు 68 మైళ్లంటే సెకనుకు 30 మీటర్లు. షట్టర్‌ని ఆటోలో వదిలేస్తే గదిలోని వెలుతురుకి ఫోన్ 1/240 సెకను ఎంచుకునే అవకాశం ఎక్కువ. ఆ ఒక్క ఫ్రేములోనే బ్యాట్ 12.5 సెం.మీ. కదిలిపోతుంది. మేజర్ లీగ్ నిబంధనల ప్రకారం బ్యాట్ ఎంత లావైనా 2.61 అంగుళాలు, అంటే 6.6 సెం.మీ. దాటకూడదు. మసక బ్యాట్ లావుకి దాదాపు రెండింతలన్నమాట. మీ డిటెక్టర్ ఆ మసకలో కొస ఎక్కడుందని చెప్పాలి? మసక మొదట్లోనా, మధ్యలోనా, చివర్లోనా? ఒక ఫ్రేములో ఒకటి, ఇంకో ఫ్రేములో ఇంకొకటి ఎంచుకుంటుంది. బాగా మసకైన ఫ్రేముల్లో అసలు ఏమీ దొరకలేదని వదిలేస్తుంది. ఆ ఖాళీల్ని మీ కోడ్ అటూ ఇటూ ఉన్న విలువలతో పూడ్చేస్తుంది. సరిగ్గా వేగం గరిష్ఠంగా ఉండే చోటే ఖాళీలు పడతాయి కాబట్టి గరిష్ఠం మాయమవుతుంది. మీ 51లో కొంత భాగం ఇక్కడే పోయిందని నా అనుమానం.

1/1000 పెడితే మసక 3 సెం.మీ., 1/2000 పెడితే 1.5 సెం.మీ. బ్యాట్ కోసం నేను 1/2000 కన్నా నెమ్మది షట్టర్ వాడను. దానికి వెల ఉంది: 1/240తో పోలిస్తే కెమెరా సెన్సర్ మీద పడే వెలుతురు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆరుబయట ఎండలో ఇబ్బంది లేదు. లోపలైతే బలమైన లైట్లు కావాలి, అవీ మినుకుమినుకుమనే రకం కాకూడదు. కొన్ని ఎల్‌ఈడీలు కంటికి నిలకడగానే కనిపిస్తాయి, 1/2000 దగ్గర మాత్రం ఒక ఫ్రేము వెలుగు, ఒక ఫ్రేము చీకటి. మాన్యువల్ షట్టర్ పెట్టుకోనిచ్చే కెమెరా యాప్ ఏదైనా సరే పని చేస్తుంది.

ఇంకో చిన్న మాట. ఫోన్ సెన్సర్ బొమ్మ మొత్తాన్ని ఒక్కసారి చదవదు, వరసలవారీగా పైనుంచి కిందికి చదువుతుంది. అందుకే వేగంగా తిరిగే బ్యాట్ అరటిపండులా వంగినట్టు కనిపిస్తుంది. అది బ్యాట్ వంగడం కాదు, చదివే ఆలస్యం. బ్యాట్ మీద నాబ్‌నీ కొసనీ కలిపి గీత గీసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

వీడియో ఫైల్ ఎలా మీ కంప్యూటర్‌కి చేరిందో రాయలేదు. మెసేజింగ్ యాప్‌లో పంపించుకుని ఉంటే అక్కడితో ఆపేసి కేబుల్‌తో అసలు ఫైల్ తెచ్చుకోండి. ఆ యాప్‌లు వీడియోను మళ్లీ కుదిస్తాయి, ఫ్రేములు ఎగరగొడతాయి. స్లో మోషన్ ఫైల్ అయితే కొంత భాగం మామూలు వేగంతో, కొంత భాగం నెమ్మదిగా ఎగుమతి అవుతుంది. పైగా ఫోన్లు ఫ్రేముల మధ్య విరామాన్ని ఎప్పుడూ సమానంగా ఉంచవు. కోడ్‌లో 240 అని నేరుగా రాసేయకుండా ప్రతి ఫ్రేము టైమ్‌స్టాంప్‌నీ చదివి దాన్నే వాడండి.

పెద్దవాళ్లు ఏం చేస్తున్నారో చూస్తే ఈ మాట ఇంకా తెలుస్తుంది. మేజర్ లీగ్ 2020లో ఆటలోని కదలికల్ని కొలిచే తన స్టాట్‌కాస్ట్ వ్యవస్థని హాక్-ఐ కెమెరాల మీదికి మార్చింది. అవును, క్రికెట్‌లో ఎల్బీడబ్ల్యూ రివ్యూల్లో మనం చూసే హాక్-ఐనే. ఒక్కో మైదానానికి 12 కెమెరాలు. అన్ని కెమెరాలున్నా బ్యాట్‌ని మాత్రం వెంటనే కొలవలేదు. వాటిలో కొన్నింటిని సెకనుకు 300 ఫ్రేములకు పెంచాకే ఆ పని కుదిరింది, ఆ లెక్కలు 2024 మేలో జనానికి అందుబాటులోకి వచ్చాయి. వాళ్ల లెక్కలో మేజర్ లీగ్ సగటు బ్యాట్ వేగం గంటకు సుమారు 72 మైళ్లు, 75 దాటితే ‘ఫాస్ట్ స్వింగ్’. జియాన్‌కార్లో స్టాంటన్ లాంటి బ్యాటర్ సగటునే 80 దాటిస్తాడు. ఇక్కడ మీకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, వాళ్లు వేగం కొలిచేది కొస దగ్గర కాదు. కొస నుంచి దాదాపు 6 అంగుళాలు లోపలికి, స్వీట్ స్పాట్ (బంతి బాగా తగిలే చోటు) దగ్గర.

దీంతో మీ పోలికలో ఇంకో తేడా బయటపడుతుంది. మీ సెన్సర్ చూపే 68 కూడా స్వీట్ స్పాట్‌దే అయ్యుండాలి, దాని మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి. మీరు కొలిచేది కొసని. బంతిని తాకే సమయంలో స్వీట్ స్పాట్ సుమారు 75 సెం.మీ. వ్యాసార్ధంతో తిరుగుతోందనుకుంటే బ్యాట్ కోణీయ వేగం సెకనుకు 2,300 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ లెక్కన 6 అంగుళాలు బయటికి వెళితే గంటకు దాదాపు మరో 14 మైళ్లు కలుస్తాయి. అంటే కొస 80కి అటూ ఇటూగా రావాలి. మీ 51కి పోటీ 68తో కాదు, 80తో!

ఇంతటితో అయిపోలేదు. మీ కెమెరా బ్యాటర్ ఛాతీకి ఎదురుగా ఉంది కదా, తాకే సమయానికి బ్యాట్ దాదాపు కెమెరా వైపే చూస్తుంటుంది. శరీరం కెమెరాకి 4 మీటర్ల దూరంలో ఉంటే కొస 2.8 మీటర్లకు వచ్చేస్తుంది. మీరు పిక్సెళ్లని సెంటీమీటర్లలోకి మార్చుకున్నది బ్యాటర్ ఎత్తుతోనో, నిలబడిన చోటుతోనో అయితే, కొస కదలిక ఉన్నదానికన్నా 40 శాతం పైగా ఎక్కువ కనిపిస్తుంది. కొన్ని తప్పులు వేగాన్ని తగ్గిస్తున్నాయి, ఈ తప్పు పెంచుతోంది. రేపు ఏదో మార్చగానే 68 వచ్చేసిందనుకోండి, అప్పుడు కూడా సంబరపడొద్దు. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఉండొచ్చు.

తుంటి గ్రాఫ్ రంపపు పళ్ల సంగతికి వద్దాం. ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క. తుంటి రెండు బిందువుల మధ్య దూరం 25 సెం.మీ. అనుకుందాం. తుంటి కెమెరాకి తిన్నగా ఎదురుగా ఉన్నప్పుడు ఆ 25 పూర్తిగా కనిపిస్తుంది. మోడల్ ఒక్క సెంటీమీటరు తప్పి 24 అని చెప్పిందనుకోండి. కొసైన్ తిరగేస్తే తుంటి 16 డిగ్రీలు తిరిగినట్టు వస్తుంది. ఒక సెంటీమీటరుకి 16 డిగ్రీలు! తుంటి నిజంగా తిరిగేది గరిష్ఠంగా సెకనుకు 700 డిగ్రీలు అనుకుంటే ఫ్రేముకి 3 డిగ్రీలు. మూడు డిగ్రీల సంగతిని పదహారు డిగ్రీల గోలలో వెతుకుతున్నారు. రంపం రాక ఏం వస్తుంది?

అదే కెమెరాని నెత్తి మీద, కిందికి చూసేలా బిగిస్తే తుంటి గీత తిరగడం నేరుగా కనిపిస్తుంది, ఒక సెంటీమీటరు తప్పుకి పోయేది 2.3 డిగ్రీలే. ప్రాక్టీస్ చేసే వల గది (కేజ్) పైకప్పుకి ఫోన్ కట్టే వీలుంటే కట్టండి. చిక్కేమిటంటే పోజ్ మోడళ్లు పైనుంచి తీసిన మనుషుల్ని పెద్దగా చూసి నేర్చుకోలేదు, అక్కడ తడబడతాయి. నేనైతే బెల్టుకి రెండు పక్కలా, భుజాల మీదా మెరిసే రంగు టేపు అతికించి రంగుని బట్టి పట్టుకుంటాను. కంప్యూటర్ విజన్ అంటే నాలుగు టేపు ముక్కలా అని నవ్వేవాళ్లు నవ్వనీయండి, గ్రాఫ్ నున్నగా వస్తుంది.

మీడియాపైప్ లోతు విలువ కూడా ఇస్తుంది కదా అంటారేమో. అది కొలత కాదు, మామూలు మనుషుల భంగిమలు చూసి నేర్చుకున్న ఊహ. కూర్చోవడానికీ నడవడానికీ ఆ ఊహ బాగానే సరిపోతుంది, మెలితిరిగిన మొండెం దగ్గర నమ్మకూడదు. పైగా పోజ్ మోడళ్ల ‘తుంటి’ బిందువు ఎముకల కీలు కేంద్రం కాదు. బట్టల మీదుగా మనుషులు చూసి సుమారుగా గుర్తుపెట్టిన చోటు అది. వదులుగా ఉన్న ప్యాంటు ఊగితే అది కూడా ఊగుతుంది. గ్రాఫ్‌లో ఒక్కసారిగా ఆకాశానికి లేచిన మొన కనిపిస్తే ఆ ఫ్రేము తెరిచి చూడండి, ఎడమ తుంటి, కుడి తుంటి పేర్లు తారుమారై ఉంటాయి. వెనక చేయి ముందు చేయి చాటుకి వెళ్లినప్పుడు మణికట్లతోనూ ఇదే గొడవ. ఒక ఫ్రేము నుంచి పక్క ఫ్రేముకి 15 డిగ్రీలకు మించి దూకితే ఆ బిందువుని కొట్టేసేలా ఒక నియమం పెట్టుకుంటే సగం గోల తగ్గుతుంది.

ఇక ఫిల్టర్. దాదాపు అందరూ బోల్తాపడేది ఇక్కడే, నేను రెండుసార్లు పడ్డాను. వేగం రావాలంటే స్థానాన్ని అవకలనం చేయాలి, అవకలనం గోలని పెంచుతుంది, కాబట్టి బటర్‌వర్త్ లో-పాస్ ఫిల్టర్ వేస్తాం, అది కటాఫ్ అనే హద్దుకు మించిన వేగవంతమైన హెచ్చుతగ్గుల్ని తగ్గిస్తుంది. నడక అధ్యయనాల్లో అలవాటుగా వాడే 6 హెర్ట్జ్ కటాఫ్‌ని ఎక్కడో చూసి మీరూ వేసుంటే, బ్యాట్ వేగం శిఖరాన్ని మీరే చేత్తో కోసేసినట్టు. అంతకన్నా పెద్ద చిక్కు బంతిని తాకిన క్షణం. తాకగానే బ్యాట్ వేగం ఒక్క ఉదుటున పడిపోతుంది. ఫిల్టర్‌కి అది తెలియదు. అటు పెరుగుదలనీ ఇటు పతనాన్నీ కలిపి చదును చేస్తుంది, సరిగ్గా మనకు కావలసిన చోట.

నేను చేసేది ఇలా ఉంటుంది. టీ మీద బంతి కదలకుండా ఉంటుంది కాబట్టి, అది మొదటిసారి కదిలిన ఫ్రేము పట్టుకోవడం తేలిక. ఆ ప్రాంతంలో పిక్సెళ్ల తేడా చూస్తే చాలు. దానికి ముందు ఫ్రేముతో డేటాని తెగ్గొడతాను. తర్వాత ఏం జరిగిందో ఫిల్టర్‌కి చూపించను. తెగిన చివర బ్యాట్ అదే ధోరణిలో సాగుతున్నట్టు ఓ ఇరవై ఫ్రేములు కృత్రిమంగా పొడిగించి, ఫిల్టర్ వేసి, పొడిగించింది తీసేస్తాను. బ్యాట్‌కి ఒక కటాఫ్, తుంటికి అంతకన్నా తక్కువ కటాఫ్. ఎంత పెట్టాలనేది మీ డేటాని బట్టి ఉంటుంది. కటాఫ్ పెంచుకుంటూ పోతూ శిఖరం ఎక్కడ నిలకడకొస్తుందో చూడండి, నిలకడ రాకపోతే డేటాలోనే గోల ఎక్కువుందని అర్థం. సందేహముంటే అదే వీడియోని తెగ్గొట్టకుండా ఒకసారి, తెగ్గొట్టి ఒకసారి నడిపి చూడండి, శిఖరం ఎంత మారిందో మీకే కనిపిస్తుంది.

బ్యాట్‌ని పెట్టెలా కాకుండా రెండు బిందువులుగా పట్టుకోండి: నాబ్ ఒకటి, కొస ఒకటి. డీప్‌ల్యాబ్‌కట్ లాంటి పరికరంతో కొన్ని వందల ఫ్రేములు చేత్తో గుర్తుపెడితే సరిపోతుంది, మసక ఫ్రేముల్ని వదలకుండా గుర్తుపెట్టాలి, మసకలో ఎప్పుడూ ఒకే చోట. బ్యాట్ పొడవు మీకు తెలుసు, 33 అంగుళాలో 34 అంగుళాలో. అది మారదు. ఈ ఒక్క షరతు ఎన్నో తప్పుల్ని పట్టిస్తుంది.

అసలు మూడు దిశల్లో కోణాలు కావాలంటే రెండో కెమెరా తప్పదు. స్టాన్‌ఫర్డ్ వాళ్ల ఓపెన్‌క్యాప్ రెండు ఐఫోన్లతో శరీర కదలికని త్రిమితీయంగా ఇస్తుంది, శరీరం వరకు అక్కడ మొదలుపెట్టొచ్చు. బ్యాట్ మాత్రం మీరే చూసుకోవాలి. సొంతంగా కట్టుకుంటే కెమెరాల స్థానాలు తెలుసుకోవడానికి హోమ్ ప్లేట్ చక్కగా పనికొస్తుంది. ముందు అంచు 17 అంగుళాలు, ఆకారం ఎక్కడైనా ఒకటే. అయితే అది నేల మీద పరుచుకున్న బల్లపరుపు వస్తువు కాబట్టి ఎత్తు కోసం కొలిచిన కర్ర ఒకటి నిలబెట్టండి.

రెండు ఫోన్లని కాలంలో కలపడం దగ్గర నేను ఒక వారం పోగొట్టుకున్నాను. బంతిని కొట్టిన ‘టక్’ శబ్దాన్ని రెండు వీడియోల్లోనూ పట్టుకుని అక్కడ జత చేశాను, తెలివైన పనే అనుకున్నాను. త్రిమితీయ బొమ్మలో స్వింగ్ వేగం పెరిగే కొద్దీ బ్యాటర్ ముంజేయి పొడుగవుతోంది, ఆగగానే మళ్లీ మామూలవుతోంది. క్యాలిబ్రేషన్ మళ్లీ మళ్లీ చేశాను. చివరికి తట్టింది: ఒక ఫోన్ 3 మీటర్ల దూరంలో, ఇంకోటి 8 మీటర్ల దూరంలో ఉన్నాయి. శబ్దం సెకనుకు 343 మీటర్లే పోతుంది. ఆ 5 మీటర్ల తేడాకి 14.6 మిల్లీసెకన్లు, అంటే మూడున్నర ఫ్రేములు. రెండు కెమెరాలు రెండు వేర్వేరు క్షణాల్లోని చేతిని చూస్తున్నాయి మరి! ఇప్పుడు దూరం కొలిచి ఆలస్యాన్ని తీసేస్తాను, లేదా రెండింటికీ కనిపించేలా ఒక చిన్న లైటు వెలిగిస్తాను.

ఇవన్నీ సరిచేశాక కూడా ఏది కోచ్‌కి చూపించాలో ఎంచుకోండి. 1995లో పరిశోధకుడు వెల్చ్, ఆయన సహచరులు 39 మంది ప్రొఫెషనల్ బ్యాటర్లని మార్కర్లతో కొలిచి ప్రచురించిన అంకెలు ఇప్పటికీ మంచి కొలమానం: తుంటి గరిష్ఠ వేగం సెకనుకు 714 డిగ్రీలు, భుజాలు 937, చేతులు 1,160. కింది నుంచి పైకి వేగం పెరుగుతూ పోతుంది. మీకు తుంటి 1,500 అని వస్తే ఆ బ్యాటర్ అద్భుతం అనుకోకండి, కోడ్ చూసుకోండి. ఏ భాగం ముందు శిఖరానికి వచ్చింది, ముందు కాలు నేల మీద ఎప్పుడు ఆనింది, అక్కడి నుంచి బంతిని తాకడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టింది వంటి సమయాలు ఒక్క కెమెరాతో కూడా కోణాల కన్నా నమ్మకంగా వస్తాయి. అయినా ఒకటి రెండు ఫ్రేముల తేడాని పట్టుకుని ఎవరి స్వింగూ మార్చమనకండి. తుంటికీ భుజాలకీ మధ్య మెలిక ఎన్ని డిగ్రీలు అనే అంకెని మాత్రం ఒక్క కెమెరాతో ఎవరికీ ఇవ్వను. పాదం నేలని ఎంత బలంగా తన్నిందో ఎన్ని కెమెరాలతోనూ కనిపించదు, దానికి ఫోర్స్ ప్లేట్ (మీద పడే బలాన్ని కొలిచే పలక) ఉండాలి.

మీ కోడ్‌ని సరిచూసుకోవడానికి డ్రైవ్‌లైన్ అనే బేస్‌బాల్ శిక్షణ సంస్థ వాళ్ల ఓపెన్ బయోమెకానిక్స్ డేటా ఉంది. మార్కర్లతో కొలిచిన బ్యాటర్ల స్వింగ్‌లు అందులో దొరుకుతాయి. మీ ఫిల్టర్‌నీ, శిఖరాల లెక్కనీ ముందు ఆ శుభ్రమైన డేటా మీద నడపండి. అక్కడే తప్పొస్తే వీడియోని తిట్టాల్సిన పని లేదు.

రాడార్ గన్ దొరికితే ఇంకో పరీక్ష. చెక్క బ్యాట్ స్వీట్ స్పాట్‌తో టీ మీది బంతిని చక్కగా తగిలిస్తే బంతి వేగం బ్యాట్ వేగానికి సుమారు 1.2 రెట్లు ఉంటుంది, అంతకన్నా పెద్దగా పెరగదు. బంతి గంటకు 78 మైళ్లతో పోయిందంటే బ్యాట్ కనీసం 65 ఉండాలి. మీ 51తో బంతికి 61 దాటి రాదు. సెన్సరా, మీ కోడా అన్న తగువు ఒక్క దెబ్బతో తేలిపోతుంది.

అదీ లేకపోతే రేపు స్వింగ్ తీసే ముందు ఈ ఒక్క పని చేయండి. బ్యాట్ బంతిని తాకే చోట, కెమెరాకి అదే దూరంలో, ఒక బేస్‌బాల్‌ని సరిగ్గా ఒక మీటరు ఎత్తు నుంచి వదలండి. నేలని తాకడానికి 0.45 సెకను పట్టాలి, అంటే 108 ఫ్రేములు. ఫ్రేములు తేడా వస్తే మీ కాలం లెక్క తప్పు. ఫ్రేములు సరిపోయి మీ స్కేలుతో దూరం ఒక మీటరు రాకపోతే స్కేలు తప్పు. రెండూ సరిగ్గా వచ్చిన వీడియో, షట్టర్ 1/2000తో తీసింది, అసలు ఫైల్ ఒకటి పెట్టండి, అప్పుడు మోడల్ సంగతి మాట్లాడుకుందాం.